సంక్రాంతి విందు: అప్పులేని వంట



సంక్రాంతి రైతు పండుగ. పంట యింటికి చేరు దినములలో వచ్చును. ఆడుబిడ్డలును, అల్లుండ్రును, మనుమలును వత్తురు. నలుగురికి కడుపునిండ పెట్టవలెనని కోరని గృహస్థుడు లేడు. కాని పండుగ వెళ్లిన పిమ్మట అంగడి ఖాతా చూచి దిగులుపడు సంసారములు మన గ్రామములలో నెన్నియో కలవు. పండుగ మానుడని చెప్పుటకు నేనీ వ్యాసము వ్రాయుటలేదు. ఉన్నంతలో నిండుగా జరుపుకొను విధము చెప్పుటయే నా యుద్దేశము.

మొదట ఒక లెక్క చూడుడు. పండుగకై 5,000 రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చితిమనుకొందము. మరుసటి సంక్రాంతికి వడ్డీయే 1,200 రూపాయలగును. విందు మూడు దినములలో ముగియును. అప్పు మాత్రము ఏడాది పొడవునను మన పంక్తిలో కూర్చుండి తినుచుండును. "అప్పు చేసి పప్పు కూడు" అని పెద్దలు ఊరక యనలేదు.

ఇంకొక నష్టము కంటికి కనబడదు. పండుగ ఖర్చుకై తొందరపడి, సరిగా ఎండని ధాన్యమును వచ్చిన ధరకు తెగనమ్ముదురు. ప్రభుత్వ కొనుగోలు కేంద్రములలో మద్దతు ధర కోరు ధాన్యమునకు తేమ నూటికి 17 పాళ్లకు మించరాదు. నాలుగు ఎండలు కాయనిచ్చి అమ్మిన రైతునకే ఆ ధర దక్కును.

కావున పండుగకు పదునైదు దినముల ముందే ఇంటి యిల్లాలితో కూర్చుండి రెండు పట్టీలు వ్రాయుడు. ఇంట నున్నవి ఒక పట్టీ: క్రొత్త బియ్యము, కందులు, పెసలు, మినుములు, నువ్వులు, పాడి, పందిరి చిక్కుడు, దొడ్డిలోని వంకాయ, గుమ్మడికాయ. కొనవలసినవి రెండవ పట్టీ: బెల్లము, నూనె, చింతపండు, పోపు సామాను. మొదటి పట్టీ ఎంత పెద్దదైన రెండవది అంత చిన్నదగును. వంటకములను మొదటి పట్టీని బట్టి యేర్పరుపవలెను గాని, పొరుగింటి విస్తరిని చూచి కాదు.

భోగినాడు పెసరపప్పుతో పులగము చాలును. సజ్జలు పండు సీమలలో నువ్వులద్దిన సజ్జరొట్టెయు, వంకాయ కూరయు దానికి తీసిపోవు.

సంక్రాంతినాడు పదిమందికి ఈ యైదు వంటకములు చాలును: బెల్లపు పొంగలి, కందిపప్పు, చిక్కుడుకాయ కూర, గుమ్మడికాయ పులుసు, పెరుగు. అన్నమునకు కిలోంబావు బియ్యము, పప్పునకు 300 గ్రాములు, చిక్కుడు ఒక కిలో, గుమ్మడి రెండు కిలోలు, పెరుగు రెండు లీటర్లు. పొంగలికి అరకిలో క్రొత్త బియ్యము, 125 గ్రాముల పెసరపప్పు, ముప్పావు కిలో బెల్లము, 100 గ్రాముల నెయ్యి తీసికొనవలెను. బియ్యము మెత్తగా నుడికిన పిమ్మటనే బెల్లము వేయుడు. ముందు వేసినచో మెతుకు బిరుసుగా నిలిచిపోవును. క్రొత్త బియ్యము నీరు తక్కువ పీల్చి ముద్దయగును గనుక పొంగలికి మేలు. అన్నమునకు పాత బియ్యము మిగిలియున్న వానినే వాడుడు. గుమ్మడికాయను తొడిమతో కోసి, గాలి తగులు చోట నుంచినచో కొన్ని నెలలు చెడదు.

కనుమనాడు మినుము తినవలెనని మన వాడుక. అరకిలో మినపప్పునకు ఇరువదియైదు గారెలు వచ్చును. నీరు ఎక్కువ పోయక గట్టిగా రుబ్బినచో పిండి నూనె త్రాగదు. మాంసము తినువారికి పెరటి నాటుకోడి యొకటి చాలును. ఎరువు తెచ్చుకొనవలసిన పని లేదు. మాడిన నూనెను మరల మరల కాచుట ఆరోగ్యమునకు హాని.

వంటకములు తగ్గినచో ఇంకొక లాభము కలదు. పది రకములు వండు ఇల్లాలు పొగలోనే పండుగ గడపి, అందరు తినిన పిమ్మట చల్లారిన అన్నము తినును. ఐదు రకములైనచో ఆమెయు తన బిడ్డల ప్రక్కన కూర్చుండి తినగలదు. ఆమె కూర్చుండని పంక్తి పండుగ పంక్తి యెట్లగును?

ఇక సంఘ సభ్యులు చేయదగిన పని. వడ్డీ వ్యాపారుల బారినుండి రైతును కాపాడుటకే 1904వ సంవత్సరమున సహకార పరపతి సంఘముల చట్టము పుట్టినది. పంట ఋణమును పండుగకు వాడుకొని గడువు తప్పినచో, సకాలమున చెల్లించువారికి లభించు వడ్డీ రాయితీయు పోవును. అంతకంటె నెలకు 200 రూపాయలు పొదుపు ఖాతాలో వేసినచో ఏడాదికి 2,400 రూపాయలగును. పది కుటుంబములు కలిసి బెల్లమును, నూనెను ఒక్కసారిగా టోకున కొనినచో చిల్లర అంగడి ధరకంటె తక్కువకు దొరకును. నువ్వులున్నవారు గానుగ ఆడించుకొనవచ్చును.

రాబోవు సంక్రాంతికి ఈ రెండు పట్టీలును నేడే వ్రాయ నారంభింపుడు. చిక్కుడు, గుమ్మడి గింజలను తొలకరిలోనే దొడ్డిలో నాటుడు. పండుగ విందునకు మొదటి పెట్టుబడి అదియే.