ఉద్యోగం వెతకడానికి ఫోన్ ఎలా వాడాలి? లింక్డ్‌ఇన్, వాట్సాప్, టెలిగ్రామ్‌లో మార్చుకోవాల్సిన సెట్టింగ్స్

“పదిహేను వేలలో ఏ ఫోన్ కొనాలన్నా?” అన్న ప్రశ్న తర్వాత, మా బొల్లారంలో కుర్రాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది “లింక్డ్‌ఇన్ పెట్టుకుంటే నిజంగా జాబ్ వస్తుందా?” అని. వస్తుంది. అయితే రోజుకి యాభై చోట్ల ‘ఈజీ అప్లై’ నొక్కేవాళ్లకంటే, తెలిసినవాళ్లని అడిగేవాళ్లకే ముందు వస్తుంది. తెలిసినవాళ్లంటే ఎవరు అన్నదే ఇక్కడ అసలు విషయం.

మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సోషియాలజిస్ట్ 1973లో ఒక పేపర్ రాశాడు. అప్పట్లో ఇంటర్నెట్టూ లేదు, సెల్‌ఫోనూ లేదు. బోస్టన్ శివార్లలో పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని “ఆ కబురు చెప్పిన మనిషిని మీరు ఎంత తరచుగా కలుస్తారు?” అని అడిగితే, తరచుగా కలుస్తాం అన్నవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవాళ్లు 55.6, ఎప్పుడో గానీ కలవం అన్నవాళ్లు 27.8 శాతం. కారణం సింపుల్. మన క్లోజ్ ఫ్రెండ్స్‌కి తెలిసిన ఖాళీలు మనకీ తెలుసు. కొత్త కబురు వచ్చేది కొంచెం దూరపు పరిచయస్తుల దగ్గర్నుంచే.

లింక్డ్‌ఇన్‌లో ‘పీపుల్ యు మే నో’ అని మొహాలు చూపిస్తుంది కదా, దాని మీద చేసిన ప్రయోగాల ఫలితాలు 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. ఐదేళ్లు, సుమారు 2 కోట్ల మంది యూజర్లు. మరీ దగ్గరివాళ్లూ కాకుండా, మరీ ముక్కూ మొహం తెలియనివాళ్లూ కాకుండా, మధ్యరకం పరిచయాలే ఎక్కువ పనికొచ్చాయని తేలింది. ఇంకో మాట కూడా అందులో ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. సాఫ్ట్‌వేర్ లాంటి డిజిటల్ రంగాల్లో దూరపు పరిచయాలు బాగా పనిచేస్తే, డిజిటల్ వాడకం తక్కువున్న రంగాల్లో దగ్గరివాళ్లే అక్కరకొచ్చారట. మా వైపు చూస్తే నాకు ఇది నిజమే అనిపిస్తుంది. కంటోన్మెంట్ ఏరియా కాబట్టి సెక్యూరిటీ, డ్రైవింగ్, స్టోర్ కీపర్ పనులు మాజీ సైనికుల వాట్సాప్ గ్రూపుల్లో, బాబాయిల నోటిమాట మీదే నడుస్తాయి. అలాంటి పని కావాలనుకునేవాళ్లు లింక్డ్‌ఇన్ ప్రొఫైల్ దిద్దుకుంటూ కూర్చునేకంటే బాబాయికి ఒక ఫోన్ కొట్టడం మేలు.

ఐటీ, అకౌంట్స్, ఫార్మా వైపు వెళ్లేవాళ్లు మాత్రం ఇలా చేయండి. లింక్డ్‌ఇన్‌లో మీ కాలేజీ పేజీ తెరిచి ‘అలుమ్నై’ ట్యాబ్ నొక్కండి. మీ సీనియర్లు ఏ కంపెనీల్లో ఉన్నారో వరసగా కనిపిస్తుంది. జాబ్స్ సెర్చ్‌లో ‘ఇన్ యువర్ నెట్‌వర్క్’ అనే ఫిల్టర్ కూడా ఉంది, అది ఆన్ చేస్తే మీకు కనెక్షన్ ఉన్న కంపెనీలే వస్తాయి. మెసేజ్‌లో “హాయ్ సర్” అని పెట్టి ఆగిపోకండి. ఏ కాలేజీ, ఏ బ్యాచ్, ఏ పోస్టు, దాని లింకు, మీ రెజ్యూమే పీడీఎఫ్, అన్నీ ఒకే మెసేజ్‌లో పెట్టండి. చాలా కంపెనీల్లో రిఫర్ చేసినవాళ్లకి బోనస్ ఉంటుంది, కాబట్టి మొహమాటం అక్కర్లేదు.

‘ఓపెన్ టు వర్క్’ పెట్టేటప్పుడు రెండు ఆప్షన్లు వస్తాయి. ఇప్పటికే ఉద్యోగంలో ఉంటే ‘రిక్రూటర్స్ ఓన్లీ’ ఎంచుకోండి. మీ కంపెనీ రిక్రూటర్లకి కనపడకుండా చూస్తామంటారు గానీ పూర్తి గ్యారంటీ ఇవ్వలేమని లింక్డ్‌ఇనే చెబుతోంది. ఫ్రెషర్స్ అయితే దాచాల్సిందేమీ లేదు, ఫొటో చుట్టూ ఆకుపచ్చ రింగు పెట్టేసుకోండి.

మా ఊరివాళ్లకి ప్రత్యేకంగా ఒక విషయం. బొల్లారాలు రెండున్నాయి. రాష్ట్రపతి నిలయం ఉన్న మా సికింద్రాబాద్ బొల్లారం ఒకటి, పిన్ 500010. మియాపూర్ దాటాక సంగారెడ్డి జిల్లాలో ఫార్మా ఫ్యాక్టరీలున్న ఐడీఏ బొల్లారం ఇంకొకటి, పిన్ 502325. ఇంగ్లీషులో మనది ఒక ఎల్‌తో, అది రెండు ఎల్‌లతో రాస్తారు. తెలుగు గ్రూపుల్లో ‘బొల్లారంలో కెమిస్ట్ ఉద్యోగాలు, వాకిన్’ అని వస్తే నూటికి తొంభై పాళ్లు అది ఆ బొల్లారమే. పొద్దున్నే ఫైలు పట్టుకుని స్టేషన్ రోడ్డు మీద ఫ్యాక్టరీ ఎక్కడని అడిగినవాళ్లని నేనే చూశాను. పిన్ కోడ్ చూసి బయల్దేరండి.

ఇక టెలిగ్రామ్. మా వీధిలో డిగ్రీ అయిన ఒకమ్మాయికి ‘ఇంటి నుంచే డేటా ఎంట్రీ’ అని మెసేజ్ వచ్చింది. ముందు వీడియోలకి లైక్ కొడితే 150 రూపాయలు వేశారు, నమ్మకం కుదిరింది. తర్వాత ‘ప్రీపెయిడ్ టాస్క్’ అని 1,000, ఆ తర్వాత 5,000, చివరికి వాళ్లమ్మ చిట్టీ డబ్బులు 28,000 పోయాయి. ఆ పిల్లకి తెలివి లేక కాదు, ముందు నిజంగానే డబ్బు వేస్తారు కాబట్టి ఎవరైనా నమ్ముతారు. పని ఇచ్చేవాడు మన దగ్గర డబ్బు అడిగాడంటే, దాని పేరు రిజిస్ట్రేషన్ ఫీజైనా, ల్యాప్‌టాప్ డిపాజిట్టైనా, అక్కడితో ఆపేయాలి. డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

వాట్సాప్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ, గ్రూప్స్‌లోకి వెళ్లి ‘మై కాంటాక్ట్స్’ పెట్టండి. ఊరూపేరూ లేనివాళ్లు మిమ్మల్ని గ్రూపుల్లో కలిపేయలేరు. టెలిగ్రామ్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద ఫోన్ నంబర్‌ని ‘నోబడీ’ చేయండి.

ఒక్కటి మాత్రం దీనికి రివర్స్‌లో చేయాలి. ఐఫోన్‌లోనూ వాట్సాప్‌లోనూ తెలియని నంబర్లని సైలెంట్ చేసే ఆప్షన్ ఉంటుంది. ఉద్యోగం వెతికే రోజుల్లో దాన్ని ఆఫ్ చేసి పెట్టుకోండి. హెచ్‌ఆర్ వాళ్లు కొత్త నంబర్ నుంచే చేస్తారు, ఎత్తకపోతే లిస్టులో తర్వాతి పేరుకి వెళ్లిపోతారు.