ప్రయాణములో చర్మ రక్షణ

మేడ్చల్‌లోని ఒక ఉన్నత పాఠశాల విద్యార్థులు వేసవి ప్రారంభమున శామీర్‌పేట చెరువును, అచటి జవహర్ జింకల వనమును చూచుటకు బస్సులో బయలుదేరిరనుకొందము. కిటికీలు తెరచియుండును, గాలి హాయిగా తగులుచుండును. సాయంకాలము ఇల్లు చేరునప్పటికి కొందరికి మెడ, ముంజేతులు మండును. కొందరికి వీపున చెమటకాయలు లేచును. దారి ప్రక్క మొక్కలలో తిరిగిన ఒకరిద్దరికి మరునాడో మూడవనాడో దురద బయలుదేరును. ప్రయాణము ఒకటే, బాధలు మూడు. వాటి కారణములు వేరు గనుక నివారణలును వేరు.

మొదట ఎండ సంగతి చూతము. చర్మమును కందజేయునది ఎండలోని వేడి అని చాలమంది తలంతురు. అది సరికాదు. సూర్యకాంతిలో కంటికి కానరాని అతినీలలోహిత కిరణములు కలవు. వీటిని 1801లో జర్మను శాస్త్రజ్ఞుడు రిట్టర్ కనుగొనెను. భూమిని చేరు ఈ కిరణములు రెండు రకములు. తరంగదైర్ఘ్యము 315 నానోమీటర్లకు తక్కువైనవి ‘బి’ కిరణములు. 315 నుండి 400 వరకు గలవి ‘ఎ’ కిరణములు. ‘బి’ కిరణములు బాహ్యచర్మపు కణములలోని డి.ఎన్.ఎ.ను దెబ్బతీయును, చర్మము కందుటకు ముఖ్యకారణము ఇవియే. ‘ఎ’ కిరణములు మరింత లోతునకు పోయి చర్మమును నలుపెక్కించును. ఏండ్లు గడచిన కొలది ముడుతలు పడజేయును.

సాధారణమైన అద్దము ‘బి’ కిరణములను చాలవరకు ఆపును గాని ‘ఎ’ కిరణములను పోనిచ్చును. కావున కిటికీ మూసినను రక్షణ సంపూర్ణము కాదు. తెరచినచో గాలి చెమటను ఆర్చి చర్మమును చల్లబరచును. కిరణములను మాత్రము ఆపజాలదు. చల్లగా నున్నదని మోసపోరాదు. పలుచని మబ్బును నమ్ముటయు ఇట్టిదే. మన చర్మములోని మెలనిన్ అను వర్ణద్రవ్యము కొంత కాపాడును గాని, నల్లనివారికి ఎండ ఏమియు చేయదనుట పొరపాటు.

మేడ్చల్, శామీర్‌పేటలు సుమారు 17½ డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నవి. అందువలన మే 10వ తేదీ ప్రాంతమున ఒకసారి, ఆగస్టు 2వ తేదీ ప్రాంతమున మరియొకసారి సూర్యుడు ఇచట సరిగా నడినెత్తికి వచ్చును. పాఠశాల ఆవరణలో మీటరు కర్రను నిలువుగా నిలిపి గంటగంటకు నీడను కొలిచి చూడుడు. నీడ కర్రకంటె పొట్టిగా నున్నంతసేపు సూర్యుడు 45 డిగ్రీలకంటె ఎత్తున నున్నాడన్నమాట. అప్పుడు కిరణములు ఓజోను పొరలో తక్కువ దూరము పయనించి వచ్చును గనుక వాటి బలము హెచ్చు. ఆ వేళ చెట్టు నీడ పట్టుననే ఉండవలెను. తప్పనిసరియైనచో గొడుగో, వెడల్పు అంచు టోపీయో, నిండు చేతుల చొక్కాయో కావలెను. ఎండ నాపు లేపనము వాడువారు బయటికి పోవుటకు ముందే రాసికొని, రెండు గంటలకొకసారి తిరిగి రాయవలెను.

రెండవది చెమట. మన చర్మములో స్వేదగ్రంథులు ఇరువది లక్షలకు పైగా కలవు. బిగుతైన దుస్తులలో, బస్సు ఆసనమునకు ఆనిన వీపున చెమట ఆరక, వాటి నాళముల ముఖములు మూసికొనును. లోపల చిక్కిన చెమటయే చెమటకాయలకు మూలము. వదులైన నూలు బట్టలు, చన్నీటి స్నానము, ఒడలు పొడిగా తుడుచుకొనుట—ఇవి చాలును. ఒకరి తువాలు మరొకరు వాడరాదు. శిలీంధ్రము వలన కలుగు తామర ఆ దారిన ప్రాకును. తామరకు దుకాణమున అడిగి స్టెరాయిడ్ కలిసిన లేపనము రాయుట ప్రమాదము. దురద తాత్కాలికముగా అణగును గాని శిలీంధ్రము మరింత వ్యాపించును. వైద్యుని చూపించుటయే తగినది.

మూడవది వయ్యారిభామ. చిన్న తెల్లని పూలతో బాటల ప్రక్కన, బీళ్లలో విరివిగా పెరుగు ఈ కలుపుమొక్క అమెరికా ఖండమునుండి వచ్చినది. 1950-60 నడుమ పూనా ప్రాంతమున గుర్తింపబడి, పిదప దేశమంతట వ్యాపించెను. దీనిలోని పార్థెనిన్ అను పదార్థము కొందరి చర్మమునకు సరిపడదు. మొదటిసారి తాకినప్పుడు ఏమియు కనిపింపకపోవచ్చును. పలుమార్లు తగిలిన పిదప శరీరము దానిని శత్రువుగా గుర్తించి ఎదురు తిరుగును. అటుపిమ్మట మొక్కను తాకకున్నను, గాలిలో ఎగిరివచ్చు దాని ఎండు తునకలు సోకినంతనే ముఖము, మెడ, మోచేతి మడతలు ఎర్రబారి దురద పెట్టును. ఈ గుణము ఒకసారి ఏర్పడినచో ఏండ్ల తరబడి వదలదు.

కావుననే శ్రమదానము పేర పిల్లలచేత ఈ మొక్కను వట్టి చేతులతో పీకించుట మంచిది కాదు. ఆ పని పెద్దలు చేతితొడుగులు ధరించి, పూత రాకమునుపే చేయవలెను. యాత్రలో మొక్క తగిలినచో వెంటనే సబ్బుతో కడుగుకొని, ఇంటికి రాగానే ఆ బట్టలను ఉతుకవలెను. బొబ్బలు లేచినను, జ్వరము తోడైనను వైద్యుని వద్దకు పోవలెను.

విహారయాత్ర నిర్ణయించు ఉపాధ్యాయులు బస్సు బయలుదేరు వేళతోపాటు, నీడ పొట్టియగు వేళను కూడ లెక్కవేసికొందురుగాక. ఉదయము చెరువు చూచి, మధ్యాహ్నము చెట్ల క్రింద భోజనము చేసి, నీడలు సాగిన పిదప తిరిగి బయలుదేరినచో సగము బాధ తప్పినట్లే.