రైతు షాంపేన్
రైతు షాంపేన్ అనగా ఫ్రాన్సు దేశపు ఈశాన్యమున ఉన్న షాంపేన్ ప్రాంతములో, ద్రాక్ష పండించిన కుటుంబమే స్వయముగా తయారుచేసి అమ్మే బుడగల వైను. అక్కడి తోటలలో సుమారు 90 శాతము రైతులవే. అయినను వారిలో పలువురు పంటను పెద్ద వర్తక సంస్థలకో, సహకార సంఘాలకో ఇస్తారు. వర్తకులు బయటి ద్రాక్ష తెచ్చి షాంపేన్ పేరుతో అమ్ముతున్నారన్న ఆగ్రహము ముదిరి, 1911లో రైతులు ఆయ్ పట్టణములో వర్తకుల భవనాలను తగులబెట్టారు.

పెద్ద సంస్థలు అనేక గ్రామాల, అనేక సంవత్సరాల వైనులను కలిపి ఏటా ఒకే రుచి వచ్చేలా చూస్తాయి. రైతుకు ఉన్నది సాధారణముగా ఒకటి రెండు ఊళ్ళ పంటే. కనుక ఆ నేల గుణము, ఆ యేటి ఎండావానలు రుచిలో తెలిసిపోతాయి. దీని ఆకర్షణ ముఖ్యముగా ఇదే. చిక్కు కూడా ఇక్కడే ఉన్నది: వానలకు కాయ కుళ్ళిన యేడు ఆదుకోవడానికి పాత నిల్వలే తప్ప వేరే ఊరి పంట ఉండదు. రైతు చేసినదల్లా మేలైనదని అనుకోరాదు.

సీసాలోనే రెండవసారి పులియబెట్టి, కనీసము 15 నెలలు నిల్వ ఉంచవలెనన్న నిబంధన అందరికీ ఒకటే. అంతకాలము పెట్టుబడి చేతికి రాకపోవడము చిన్న కుటుంబానికి భారము.

సీసా చీటీపై చిన్న అక్షరాలలో 'ఆర్.ఎం.' అని ఉంటే రైతు తయారీ, 'ఎన్.ఎం.' అని ఉంటే వర్తక సంస్థది. 'ఆర్.సి.' అని ఉన్నచో, అమ్మేది రైతే అయినా తయారైనది సహకార సంఘములో.