అప్పు పైరునకా, పట్టాకా?

తొలకరి దినములలో ప్రొద్దుటూరి బంగారు అంగళ్ల వీధిలో కొంచెముసేపు నిలిచి చూచినచో రెండు తెగల జనులు కానవచ్చెదరు. నగలు కొనుటకు వచ్చినవారు కొందరు. ఎన్నడో కొన్న నగలనే చిన్న మూటగా గట్టుకొని బ్యాంకు మెట్లెక్కుచున్నవారు కొందరు. ఈ రెండవ తెగవారికి కావలసినవి విత్తనములు, ఎరువులు, కూలి డబ్బులు. బంగారు బేరమున రెండవ బొంబాయి యని పేరుపడిన పట్టణమున నగలు తాకట్టు పెట్టుట వింత గాదు. అయినను దాని వెనుక నడచు లెక్కను గూర్చి చదువరు లించుక యోచింపవలయును. ఇల్లాలి మెడలోని గొలుసు నుంచి రైతు తెచ్చుకొన్న పైకము బ్యాంకు పుస్తకములలో వ్యవసాయ ఋణముగా చేరును. బ్యాంకులు తమ ఋణములలో నూటికి 40 వంతులు ప్రాధాన్య రంగములకును, వ్యవసాయమునకు 18 వంతులకు తక్కువ గాకుండను ఈయవలయునని రిజర్వు బ్యాంకు విధించిన నియమము అట్లు కొంత నెరవేరును. వాన కురియకున్నను, పైరెండినను బ్యాంకునకు భయము లేదు. బంగారము పెట్టెలో నున్నది. భయమంతయు రైతుది.

బంగారముపై నిచ్చు నప్పును నిందించుట మా యుద్దేశము గాదు. పూట తిరుగకుండ చేతికి వచ్చు అప్పు అది యొక్కటియే. మా ప్రశ్న వేరు. సేద్యమునకని యిచ్చుచున్న యీ ధనమును బ్యాంకులు దేనిని నమ్మి యిచ్చుచున్నవి? బంగారమునా, పట్టానా, పైరునా? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల రైతు కష్టములలో నధిక భాగము ఈ ప్రశ్నలోనే యిమిడియున్నవని మేము తలంచుచున్నాము.

ఇది నేటి చిక్కు గాదు. దత్తమండలములు 1800 లో కుంఫిణీ వారి వశమైన పిమ్మట 1807 వరకు ప్రధాన కలెక్టరుగా నుండిన మన్రో దొర యిచ్చట రైతువారీ పద్ధతిని నాటెను. భూమి రైతు పేరనే నమోదయ్యెను. శిస్తు రొక్కముగా చెల్లింపవలసివచ్చెను. పట్టా చేతికి వచ్చినది గనుక దానిని తాకట్టు పెట్టుటకును వీలు చిక్కెను. 1876-78 నాటి మహాక్షామము తరువాత ప్రభుత్వము కన్నులు తెరచి 1883 లో భూమిని బాగుచేసికొనుటకును, 1884 లో విత్తనములు, ఎద్దులు కొనుటకును తక్కావి అప్పులిచ్చు చట్టములు చేసెను. మదరాసు ప్రభుత్వము కోరగా ఫ్రెడరిక్ నికల్సన్ దొర 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటములుగా నివేదిక వ్రాసి, జర్మనీ దేశమున రైఫైజను స్థాపించిన గ్రామ సంఘముల వంటివి యిచ్చటను కావలయునని చెప్పెను. పొరుగువాని నడవడి నెరిగిన పొరుగువారే యప్పీయవలయునని యాయన భావము. 1904 లో సహకార చట్టము వచ్చెను. భావము కాగితములపై నిలిచెను. సంఘములు మాత్రము పెక్కుచోట్ల పట్టాదారుల సంఘములయ్యెను.

రాజగోపాలాచారిగారి మంత్రివర్గము 1938 లో చేసిన ఋణ విమోచన చట్టమును పెద్దలు మరచియుండరు. 1932 అక్టోబరుకు ముందటి యప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీని అది కొట్టివేసెను. అది రైతునకు గొప్ప యూరట. కాని పాత యప్పును రద్దుచేయుట వేరు, మరునాటి విత్తనములకు అప్పు పుట్టించుట వేరు. ఈ రెండవ పని నాడు జరుగలేదు. తరువాత వచ్చిన మాఫీల కథయు నిట్టిదే. దానిని ముందు చెప్పెదము.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట రిజర్వు బ్యాంకు 1951-52 లో దేశమంతట గ్రామ ఋణముల పరిశీలన జరిపించెను. రైతులు చేసిన యప్పులలో ప్రభుత్వమిచ్చినది నూటికి 3.3, సహకార సంఘము లిచ్చినది 3.1, వాణిజ్య బ్యాంకు లిచ్చినది 0.9 వంతు మాత్రమే యని తేలెను. తక్కిన దాదాపు అంతయు సాహుకారులు, వర్తకులు, బంధువులు. 1969 జూలై 19 న పదునాలుగు బ్యాంకులు జాతీయము చేయబడుటకు ఈ యంకెలే ముఖ్య కారణములలో నొకటి. 1980 లో మరి యారు చేరెను. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923 లో బందరున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు అందొకటి. కడప కేంద్రముగా రాయలసీమ గ్రామీణ బ్యాంకు 1976 లో వెలసెను. అది 2006 లో మరి రెండు బ్యాంకులతో గలసి ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకయ్యెను. 2025 మే 1 నుండి అదియు రాష్ట్రమునందలి తక్కిన గ్రామీణ బ్యాంకులతో గూడి, అమరావతి ప్రధాన కార్యాలయముగా ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకైనది. పల్లె బ్యాంకునకు పల్లె దూరమగుచున్నదా యని శంకించువారున్నారు. పల్లెలలోని శాఖలు మూతపడనంత వరకు ఈ శంకకు మేము తొందరపడము.

బ్యాంకులు వచ్చినవి, అప్పులు పెరిగినవి. ఇది కాదనువాడు లేడు. 1998 లో కిసాన్ క్రెడిట్ కార్డు వచ్చెను. 2006 నుండి పంట ఋణములకు నూటికి 7 వంతుల వడ్డీ నిర్ణయమయ్యెను. నేడు 3 లక్షల రూపాయల వరకు తీసికొని గడువులోపల చెల్లించినవానికి మరి 3 వంతులు తగ్గి 4 వంతులే పడును. ఏ తాకట్టును లేకుండ ఈయవలసిన మొత్తమును రిజర్వు బ్యాంకు 2025 జనవరి నుండి 2 లక్షలకు పెంచెను. కాగితముపై నింతకన్న నేమి కావలయును?

జమ్మలమడుగు నల్లరేగడి పొలములకు బోయి చూతము. అచ్చట ముఖ్యమైన పైరు శనగ. వానలు వెనుకపట్టు పట్టు దినములలో నేలలోని పదును జూచి విత్తుదురు. ఆ పదును వారము పది దినములకు మించి నిలువదు. అప్పు కావలసినది ఆ వారములోనే. ఇచ్చట సేద్యము చేయువారిలో కౌలుదారులు పెక్కురు. భూమి యొకనిది, పట్టా యొకనిది, నాగలి వేరొకనిది. బ్యాంకు పట్టాను, పాసుపుస్తకమును అడుగును. కౌలుదారుని యొద్ద అవి లేవు. ఒకవేళ భూస్వామి యా సర్వే నంబరుపై ముందే పంట ఋణము తెచ్చుకొనియుండెనేని, అదే నంబరుపై రెండవ యప్పు పుట్టదు.

లెక్క వేసి చూడుడు. లక్ష రూపాయల అప్పునకు పట్టాదారు బ్యాంకునకు చెల్లించు వడ్డీ యేడాదికి 4,000. కౌలుదారు వడ్డీవ్యాపారి యొద్ద నూటికి నెలకు రెండు రూపాయల చొప్పున తెచ్చుకొన్నచో 24,000. మూడు రూపాయలైనచో 36,000. ఎండలో నిలిచినవాడు పట్టా గలవానికన్న ఆరింతలు, తొమ్మిదింతలు చెల్లించుచున్నాడు. వడ్డీ రాయితీ కొరకు కేంద్ర ఖజానా వెచ్చించు ధనము ఎవరికి చేరుచున్నదో వేరుగ చెప్పనక్కరలేదు.

ప్రభుత్వములు దీని నెరుగక పోలేదు. రాష్ట్రమున 2011 లో కౌలుదారులకు ఋణార్హత కార్డులిచ్చు చట్టము చేయబడెను. 2019 లో దాని స్థానమున పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చెను. పదునొకండు నెలల ఒప్పందము వ్రాసికొనిన కౌలుదారునకు కార్డు, దానిపై పంట ఋణము. భూస్వామి హక్కునకు ఇసుమంతయు భంగము లేదని చట్టమే చెప్పినది. కాని యొప్పందముపై భూస్వామి వ్రాలు కావలయును. మా చదువరులలో భూస్వాములు పెక్కురు గనుక నిచ్చట దాపరికము లేకుండ చెప్పెదము. ఆ వ్రాలు చేయుటకు వారు జంకుచున్నారు. 1956 నాటి కౌలు చట్టము తండ్రుల మనసులలో నాటిన భయము కుమారులలోను పోలేదు. ఒక్క యేడు వ్రాసియిచ్చిన భూమి యిక తమది గాదని వారి యనుమానము. ఆ యనుమానమును మేము పరిహసింపము. నేటికిని భూమి తప్ప వేరాధారము లేని కుటుంబములెన్నో కలవు. కాని పదునొకండు నెలల కాగితము భూమిని హరింపదు. దానిని నిరాకరించుట మాత్రము కౌలుదారుని వడ్డీవ్యాపారి యింటికి పంపుటయే యగును.

పులివెందుల సంగతి వేరు. అచ్చట వేరుశనగ మెట్టలును, చీనీ, అరటి తోటలును కలవు. తోట యన్నచో బోరు, బోరన్నచో అప్పు. భూగర్భ జలము మితిమీరి తోడబడిన ప్రాంతములలో క్రొత్త బోర్లకు బ్యాంకులు దీర్ఘకాలపు ఋణము నీయవు. నాబార్డు పునర్ఋణము నీయదు. ఈ నియమము నేలలోని నీటిని కాపాడుటకై యేర్పడినది, తప్పు పట్టుటకు వీలు లేదు. అయినను ఎండుచున్న చీనీ చెట్టును జూచుచు రైతు ఊరకుండునా? ప్రైవేటు అప్పు తెచ్చి త్రవ్వించును. ఒక బోరు పడక మరియొకటి, అదియు పడక వేరొకటి. ఈ యప్పు ఏ బ్యాంకు పుస్తకమునను కానరాదు. కావున ఏ మాఫీయు దీనిని తాకదు. చిత్రావతి బ్యాలెన్సింగు జలాశయమునుండి నీరు పారిన యేండ్లలో ఈ యప్పుల యొత్తిడి తగ్గును. రాయలసీమకు నదీజలములలో ముందువాటా కావలయునని 1937 లో శ్రీబాగు ఒడంబడికలో పెద్దలు వ్రాసికొన్నది ఊరక గాదు. నీరు వచ్చు నేలకు అప్పు తక్కువ వడ్డీకి పుట్టును.

ఇక మాఫీలు. 2008 లో కేంద్ర ప్రభుత్వము రెండు హెక్టార్లకు, అనగా సుమారు ఐదెకరములకు, లోపలి రైతుల బాకీలను పూర్తిగ మాపెను. అంతకు మించిన భూమి గలవారు నూటికి 75 వంతులు చెల్లించినచో తక్కిన 25 వంతులు తగ్గించెను. కరవు పీడితములని పట్టికలో చేర్చిన జిల్లాలలో మాత్రము ఆ తగ్గింపు 20,000 రూపాయలకు తక్కువ గాకుండ చేసెను. ఉద్దేశము మంచిదే. కాని కొలబద్ద చూడుడు. గోదావరి కాలువ క్రింద ఐదెకరముల మాగాణి గలవాడు చిన్న రైతు. లింగాల ప్రక్క పదెకరముల మెట్ట గలవాడు పెద్ద రైతు! కొలిచినది నేల వైశాల్యమును గాని నీటిని గాదు. వాన దేవుని నమ్మిన పదెకరములు ఏ యేడు ఎన్ని బస్తాలు పండునో పులివెందుల రైతు నడిగిన దెలియును.

2014 లో విభజిత ఆంధ్రప్రదేశమున కుటుంబమునకు లక్షన్నర వరకు మాఫీ యని ప్రకటింపబడెను. మాఫీ వచ్చునను నమ్మికతో రైతులు చెల్లింపులు నిలిపిరి. గడువు దాటగనే వడ్డీ రాయితీ పోయెను. 50,000 లోపలి బాకీలు ఒకేమారు తీరినవి గాని, తక్కినవి ఐదు వాయిదాలలో తీర్పబడునని చెప్పిరి. 2019 లో ప్రభుత్వము మారుటతో చివరి రెండు వాయిదాలు నిలిచిపోయెను. ఒక కక్షను పొగడి వేరొక కక్షను తెగడుట మా పని గాదు. ఏ కక్షవారు చేసినను మాఫీ పట్టా పేరనున్న బాకీకే వర్తించును. కౌలుదారుని ప్రోనోటును అది చూడదు.

ఇంకొక సంగతి ఈ మూడు ప్రాంతములవారు నిత్యము చూచుచున్నదే. గడువు దినమునకు బ్యాంకు బాకీ తీర్చి, రెండు మూడు దినములకే అదే మొత్తమును తిరుగ తీసికొనుట. ఆ రెండు మూడు దినములకు పైకము బయటివాడు సర్దును, దానికి రుసుము పుచ్చుకొనును. బ్యాంకు లెక్కలో వసూలు సరిపోయినది, క్రొత్త ఋణమును లెక్కకెక్కినది. పొలమునకు క్రొత్తగా నొక రూపాయియు చేరలేదు. ఏటేట పెరుగుచున్న వ్యవసాయ ఋణముల అంకెలను పత్రికలలో చదువునపుడు ఇట్టి తిరుగవ్రాత యెంత యున్నదో వేరుపరచి చూపవలయునని బ్యాంకుల నధికారులను మేము కోరుచున్నాము. శనగ, వేరుశనగలను ధర లేనపుడు తెగనమ్ముకొనకుండ గిడ్డంగి రసీదుపై నప్పిచ్చు పద్ధతి యున్నది. గుర్తింపు గల గిడ్డంగి దగ్గర నున్నచోటనే అది పనికివచ్చును.

మరి పైరును నమ్మి యప్పిచ్చుటెట్లు? ఉపాయము రాష్ట్ర ప్రభుత్వము చేతిలోనే యున్నది. ఈ-పంట నమోదులో ఏ సర్వే నంబరులో ఏ పైరున్నదో, ఎవడు వేసెనో గ్రామ వ్యవసాయ సహాయకుడు పొలమునకు బోయి వ్రాయుచున్నాడు. అయితే ఈ వ్రాత విత్తిన తరువాతిది; అప్పు కావలసినది విత్తుటకు ముందు. కావున నిరుటి నమోదును బట్టి ఈ యేటి యప్పును మంజూరుచేసి, విత్తిన పిమ్మట ఈ యేటి నమోదుతో సరిచూచుకొనవచ్చును. రెండేండ్లు వరుసగా ఒకే మడిని దున్నిన కౌలుదారునకు పట్టా నడుగకుండ, ఉమ్మడి బాధ్యతా బృందములో చేర్చి, 2 లక్షల మేర తాకట్టులేని ఋణమిచ్చుటకు రిజర్వు బ్యాంకు నిబంధనలలో అడ్డు లేదు. కిసాన్ క్రెడిట్ కార్డు పథకమున నోటిమాటపై కౌలు చేయువారికిని చోటున్నది. శాఖలకు జిల్లా అధికారులనుండి వ్రాతమూలముగ ఉత్తరువు రావలయును. ఏ శాఖలో ఎందరు కౌలుదారులకు ఎంత యిచ్చిరో నెలనెల పేటపేటకు ప్రకటింపవలయును.

భూస్వాములైన మా చదువరులకు ఒక మనవి. జమ్మలమడుగు రేగళ్లలో శనగ విత్తు ప్రతి కార్తికమునకు ముందు మీ కౌలుదారు మీ వాకిట నిలిచి ఆ కాగితముపై వ్రాలు కోరును. ఆ వ్రాలునకు మీకగు ఖర్చేమియు లేదు. అతనికి లక్షకు ఇరువది వేలు మిగులును, మీ కౌలు వేళకు ముట్టును.