యూనివర్సిటీ దగ్గరకొచ్చింది... మరి ఆట?

కపిలేశ్వరపురం అనగానే మీలో చాలామందికి హరికథల పాఠశాల గుర్తుకొస్తుంది. ఆడపిల్లలు కాలికి గజ్జె కట్టి, చిడతలు పట్టుకుని సభంతటినీ ఒక్కతే నడిపించే విద్య నేర్పిన ఊరు మాది. అటువంటి ఊళ్లో పుట్టి నేను మాత్రం బంతి పట్టుకున్నాను. మా మామ్మ ముక్కున వేలేసుకుంది.

"హరికథ నేర్చుకుంటానంటే నేనే దగ్గరుండి చేర్పిద్దును కదే! ఆ గెంతులేమిటే మగపిల్లాడిలా?" అని నెల్లాళ్లు సణిగింది.

మా అన్నయ్య పాత చిన్నసైకిలు రిమ్ము ఒకటి తెచ్చి పెరట్లో కొబ్బరిచెట్టుకి మేకులతో కొట్టాడు. అదే నా మొదటి బాస్కెట్‌బాల్ కోర్టు. సాయంత్రాలు ఏటిగట్టు మీద పరుగు, చీకటి పడేదాకా ఆ రిమ్ములోకి బంతి వెయ్యడం. డిగ్రీకి రాజమండ్రి వెళ్లాక కదా అసలు కోర్టు, అసలు రింగు చూశాను!

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మా అమ్మాయి కూడా అదే ఆట ఆడుతోంది. నేను ఆడినప్పుడు యూనివర్సిటీ దూరం. దానికి దగ్గర. అంతే తేడా అనుకున్నాను. కాదని అదే నాకు నేర్పింది.

అందని ఉత్తరం కాదు, అందిన ఉత్తరమే!

నేను డిగ్రీ చదివింది 1992-95 మధ్య. అప్పుడు మా గోదావరి జిల్లాల కాలేజీలన్నీ ఆంధ్రా యూనివర్సిటీ కిందే. శ్రీకాకుళం నుంచి పశ్చిమ గోదావరి దాకా అయిదు జిల్లాలకీ పెద్ద దిక్కు వాల్తేరే. కాలేజీల మధ్య పోటీలు జరిగేవి. వాటిలో బాగా ఆడినవాళ్లని ఎంపిక పోటీలకి పిలిచేవారు. ఆ తర్వాత కోచింగ్ క్యాంపు. అందులోంచి పన్నెండు మందిని తీసి సౌత్‌జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకి పంపేవారు. అయిదు జిల్లాల ఆడపిల్లల్లో పన్నెండు మంది! ఆ పన్నెండులో ఒకరైతే 'యూనివర్సిటీ కలర్' వచ్చినట్టు. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి వెళ్లేటప్పుడు ఆ కాగితం విలువ వేరు.

రెండో ఏడాదిలో నాకు క్యాంపుకి రమ్మని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం పట్టుకుని బస్సులో ఊరికి వస్తుంటే మండపేట ఎప్పుడు దాటిందో కూడా తెలీలేదు నాకు. నాన్న రెండుసార్లు చదివారు.

"విశాఖపట్నమా? పదిహేను రోజులా? అక్కడ మనవాళ్లెవరున్నారమ్మా?"

కోపం లేదు, తిట్టలేదు. ఉత్తరం మడిచి గూట్లో పెట్టేశారు. రెండొందల కిలోమీటర్ల రైలు ప్రయాణం, తెలియని ఊరు, పెళ్లీడుకొచ్చిన పిల్ల. ఆ రోజుల్లో ఏ తండ్రయినా అలాగే అనేవాడేమో! నా బదులు కాకినాడ అమ్మాయి ఒకతె వెళ్లింది. జట్టులోకి వచ్చింది, ఆడింది. తర్వాత రైల్వేలో ఉద్యోగం తెచ్చుకుంది. అసూయ పడలేదంటే అబద్ధమే అవుతుంది. కానీ మా ఇద్దరికీ స్నేహం మాత్రం పోలేదు.

విడిపోవడం మనకి కొత్త కాదు

1926లో ఆంధ్రా యూనివర్సిటీ పెట్టినప్పుడు అది ఎంతో పెద్ద సంసారం. 1976లో నాగార్జున యూనివర్సిటీ వచ్చాక గుంటూరు, కృష్ణా, ప్రకాశం జిల్లాల కాలేజీలు అటు వెళ్లాయి. 2006లో ఆదికవి నన్నయ యూనివర్సిటీ ఏర్పడింది. ఉభయ గోదావరి జిల్లాల కాలేజీలు దాని కిందకి వచ్చాయి. 2008లో శ్రీకాకుళానికి ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ, ఇంజనీరింగ్ కాలేజీలకి కాకినాడ జేఎన్‌టీయూ వచ్చాయి. 2022లో జిల్లాలే విడగొట్టారు. అప్పుడు మా మండలం కోనసీమ జిల్లాలో చేరింది.

పెద్దలు ఇవన్నీ చేసింది పరిపాలన కోసం, చదువు అందరికీ దగ్గరవ్వాలని. ఆటల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడినట్టు లేదు. కానీ కాలేజీ ఏ యూనివర్సిటీ కిందకి వెళ్తే ఆ పిల్లలు ఆ జట్టుకే ఆడాలి. ఒకే బడిలో పక్కపక్క బెంచీల్లో కూర్చుని కలిసి ఆడిన ఇద్దరమ్మాయిల్లో ఒకరు ఇంజనీరింగ్‌లో, ఒకరు డిగ్రీలో చేరితే చాలు, మర్నాటి నుంచి చెరో జట్టు!

లెక్క వేసి చూడండి. ఒకప్పుడు అయిదు జిల్లాలకి పన్నెండు చోట్లు. ఇప్పుడు ఆంధ్రా, నన్నయ, శ్రీకాకుళం, జేఎన్‌టీయూ... నాలుగు జట్లనుకుంటే నలభై ఎనిమిది. ఆడపిల్లలకి ఇది చిన్న విషయమా? నాకైతే పండగలా అనిపించింది.

అన్నం వేళకి ఇంటికి

మా అమ్మాయి డిగ్రీలో చేరాక ఎంపిక పోటీలకి రాజానగరం వెళ్లాల్సి వచ్చింది. పొద్దున్నే టిఫిన్ బాక్సు పెట్టుకుని వెళ్లింది. రాత్రి అన్నం వేళకి ఇంట్లో ఉంది. ఎవరింట్లో ఉండాలి, ఎవరు తోడు వెళ్లాలి అన్న మాటే రాలేదు. మా నాన్న ఇప్పుడు పెద్దవారయ్యారు. వీధి అరుగు మీద కూర్చుని "ఏమ్మా, ఎన్ని గోల్స్ వేశావ్?" అని అడిగారు. "గోల్స్ కాదు తాతయ్యా, బాస్కెట్లు" అని అది నవ్వింది. నేను లోపలికి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను. నాకు అడ్డొచ్చిన ఆ రెండొందల కిలోమీటర్లు దానికి లేవు కదా!

ఆ ఏడాది వాళ్ల కాలేజీ జట్టు చుట్టుపక్కల ఎక్కడ ఆడితే అక్కడ గెలిచింది. ఇంటినిండా కప్పులే. షోకేసులో చోటు చాలక టీవీ మీద పెట్టాం. తర్వాత పక్క రాష్ట్రంలో ఏదో ఆహ్వాన టోర్నమెంటుకి వెళ్లారు. మొదటి మ్యాచ్‌లోనే ముప్ఫై పాయింట్ల తేడాతో ఓడి ఇంటికొచ్చేశారు.

రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు వంటింట్లోకి వచ్చి గట్టు మీద కూర్చుంది.

"అమ్మా, వాళ్లు మాకన్నా పొడుగేం కాదు. కానీ వాళ్లు ఏడాదికి ఎన్నో గట్టి మ్యాచ్‌లు ఆడతారు. మాకు ఇక్కడ ఉన్నవే నాలుగైదు జట్లు. వాళ్లతోనే తిరగేసి మరగేసి ఆడుతున్నాం. మీ రోజుల్లో విశాఖ వాళ్లతో ఆడేవాళ్లట కదా?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. విశాఖ జట్లంటే మాకు హడలు. వాళ్లకి మంచి కోర్టులు, పొద్దునా సాయంత్రం సాధన. మేం వాళ్ల చేతుల్లో ఎన్నిసార్లు ఓడామో! కానీ మేం నేర్చుకున్న ఆట సగం వాళ్ల దగ్గర నేర్చుకున్నదే. నా కూతురికి ఓడించేవాళ్లు దగ్గర్లో లేరు. గెలుపులే మిగిలాయి.

అమెరికాలోనూ ఇదే గోల!

కనెక్టికట్‌లో ఉన్న మా పిన్ని కూతురితో ఫోనులో ఈ మాటే చెప్పుకుని బాధపడ్డాను. "అక్కా, ఇక్కడా ఇదే కథ" అని మొదలుపెట్టింది.

అక్కడ కొన్ని యూనివర్సిటీలు కలిసి ఒక కూటమి కడతాయి. దాన్ని కాన్ఫరెన్స్ అంటారు. ఏడాదిలో ఎక్కువ మ్యాచ్‌లు ఆ కూటమిలో వాళ్లతోనే. మా చెల్లెలు ఉండే రాష్ట్రంలోని కనెక్టికట్ యూనివర్సిటీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు దేశంలోకెల్లా పేరున్నది. 2025లో పన్నెండోసారి జాతీయ విజేత అయింది. 2013లో వాళ్ల పాత కూటమి 'బిగ్ ఈస్ట్' చీలిపోయింది. వీళ్లు వేరే కూటమిలో మిగిలారు. అక్కడ ఏడు సీజన్లలో ఎన్ని మ్యాచ్‌లు ఓడారో తెలుసా? ఒక్కటీ లేదు. 139 ఆడితే 139 గెలిచారు!

మరి సుఖంగా ఉన్నారా అంటే, 2020లో మళ్లీ పాత కూటమికే వెళ్లిపోయారు. డబ్బు లెక్కలు, ప్రయాణాలు, పాత పోటీదారులు... కారణాలు చాలా ఉన్నాయట. నాకు నచ్చిన సంగతి ఇంకోటి. ఆ ఏడేళ్లూ వాళ్లు చేతులు ముడుచుకు కూర్చోలేదు. కూటమి బయట ఉన్న గట్టి జట్లని వెతికి వెతికి పిలిచి మరీ ఆడారు. వాటి చేతుల్లో కొన్నిసార్లు ఓడారు కూడా. అందుకే వాళ్ల ఆట తుప్పు పట్టలేదు.

దీనికి తలకిందులైన కథ ఇంకోటి చెప్పింది. 2024లో పడమటి తీరంలోని 'పాక్-12' అనే పెద్ద కూటమిలో పన్నెండింట పది యూనివర్సిటీలు వెళ్లిపోయాయి. ముఖ్యకారణం టీవీ వాళ్లిచ్చే ఫుట్‌బాల్ డబ్బు. కాలిఫోర్నియాలో ఉన్న స్టాన్‌ఫర్డ్ అట్లాంటిక్ తీరం వాళ్ల కూటమిలో చేరింది. ఆడపిల్లలు ఒక సముద్రం నుంచి ఇంకో సముద్రానికి విమానాల్లో వెళ్లి ఆడి, తిరిగొచ్చి క్లాసులో కూర్చోవాలి. మిగిలిపోయిన రెండింట్లో ఒకటి ఆరెగాన్ స్టేట్. ఆ ఏడాదే వాళ్ల అమ్మాయిలు జాతీయ పోటీల్లో చివరి ఎనిమిది జట్లలో నిలిచారు. కూటమి కూలగానే ఆటగత్తెలు చాలామంది వేరే యూనివర్సిటీలకి వెళ్లిపోయారు. అయినా కోచ్ ఉన్నవాళ్లతోనే మళ్లీ జట్టు కట్టాడు. 2025లో కొత్తగా చేరిన చిన్న కూటమిలో టోర్నమెంటు గెలిచి జాతీయ పోటీలకి వెళ్లారు.

"అక్కడైనా ఆ ఆడపిల్లల్ని ఎవరైనా అడిగారా?" అన్నాను.

"ఎవరడుగుతారక్కా?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వు పెద్దగా రాలేదు.

దగ్గరా కావాలి, దమ్మూ కావాలి

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పాత పద్ధతే బాగుండేదా? అలా అనను. అలా అంటే నాలాంటి పిల్లల ఉత్తరాలు మళ్లీ గూట్లోకి వెళ్తాయి. యూనివర్సిటీ దగ్గరకి రావడం ఆడపిల్లకి వరమే. కానీ దగ్గరైతే చాలదు, ఎదురు నిలిచేవాళ్లు కూడా కావాలి. సరిహద్దు చదువుకి గీసుకోండి, ఆటకి ఎందుకు? పక్క యూనివర్సిటీ పిల్లలతో స్నేహపూర్వకంగా మ్యాచ్ ఆడితే ఎవరు కాదంటారు?

మర్నాడు కాకినాడ స్నేహితురాలికి ఫోన్ చేశాను. ఆమె ఇప్పుడు విశాఖలో ఉంటోంది. సెలవురోజుల్లో చుట్టుపక్కల పిల్లలకి ఆట నేర్పుతోంది. విషయం చెప్పగానే "ఇన్నాళ్లూ అడగవేమే! ఆదివారం తీసుకొచ్చెయ్" అంది.

పీడీ గారి అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు, అన్నీ అయ్యాయి. ఇద్దరు తల్లులు ముందు వెనకాడారు. "నేను వెంట వెళ్తున్నానుగా వదినా!" అంటే సరేనన్నారు. తొమ్మిదిమంది పిల్లలు, నేను. పులిహోర, పెరుగన్నం నేనే కట్టాను. బయల్దేరేముందు నాన్న పిలిచి చేతిలో నోట్లు పెట్టారు.

"రైలు టిక్కెట్లకమ్మా. పిల్లలందరికీ నేనే కొన్నానని చెప్పు."

ఆ గూట్లో ఉత్తరం సంగతి నేనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

రాజమండ్రిలో రైలెక్కాం. విశాఖలో ఆ పిల్లలు మావాళ్లని చక్కగా ఓడించారు. పొద్దున పంతొమ్మిది పాయింట్లతో, సాయంత్రం తొమ్మిదితో. తిరుగు రైల్లో మా అమ్మాయి మొహం చూద్దును కదా, వెలిగిపోతోంది!

"చూశావా అమ్మా, ఒక్కపూటలో పది పాయింట్లు తగ్గించాం. వాళ్ల ఏడో నంబరు అమ్మాయి ఎడమచేత్తో ఎలా వేస్తోందో చూశావా? నాకు అది నేర్చుకోవాలనుంది. వచ్చే నెల వాళ్లనే మన దగ్గరకి పిలుద్దామా?"

పిలుద్దామన్నాను. తొమ్మిదిమందికీ ఏం వండాలో అప్పుడే ఆలోచనలో పడ్డాను.

అమ్మలూ, ఇవి అడిగి చూడండి

* మీ అమ్మాయికి ఆట ఇష్టమైతే, కాలేజీలో చేర్చే ముందే అది ఏ యూనివర్సిటీ కిందిదో తెలుసుకోండి. జట్టు దాన్నిబట్టే ఉంటుంది.

* కోర్టు ఉందా అని అడిగి ఊరుకోకండి. ఆడపిల్లలకి రోజూ ఏ వేళ ఇస్తారో కూడా అడగండి.

* పీడీ ఉన్నారా? ఏడాదికి బయట ఎన్ని మ్యాచ్‌లు ఆడిస్తారు?

* అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకి వయసు, చదువు విషయంలో నిబంధనలుంటాయి. కోర్సు మారేముందు, యూనివర్సిటీ మారేముందు పీడీ గారిని కనుక్కోండి.

* ఆడిన ప్రతి పోటీ సర్టిఫికెట్ భద్రంగా దాచండి. స్పోర్ట్స్ కోటాకి ఏది పనికొస్తుందో అడిగి తెలుసుకోండి.

* బయటి ఊరు పంపడానికి భయమైతే మానిపించకండి. నలుగురు తల్లులు వంతులు వేసుకుని తోడు వెళ్లండి.