చేదు మందుతో కోతి చేను విడుచునా?

కలిగిరి పరిసర గ్రామముల రైతులు తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. వేపకషాయము చల్లినచో కోతులు కందిచేనికి రాకుండునా అని. అడుగవలసిన ప్రశ్నయే. కాయ ముదురు వేళకు మంద దిగినచో ఏడాది కష్టము పూటలో పోవును. పగలెల్ల కావలి కాయుటకు మనిషి దొరకడు. ఉదయగిరి, ఆత్మకూరు వైపు కొండల అంచున కంది, వేరుశనగ వేయుటకే వెనుకాడు రైతులున్నారు. కావున మందునకు డబ్బు పెట్టక మునుపు, కోతి నోటికి చేదు ఎట్లు తెలియునో మీరు కొంత ఎరిగియుండుట మంచిది.

నాలుక మీది రుచిమొగ్గలలో సన్నని కణములున్నవి. ఆ కణముల పైపొరలో కొన్ని మాంసకృత్తులు పొదిగియుండును. చేదు పదార్థము వచ్చి వీనిని అంటినంతనే మెదడునకు వార్త పోవును, ప్రాణి ఉమిసివేయును. తీపిని పట్టుటకు ఒక జత మాంసకృత్తులు చాలును. చేదును పట్టుటకు మాత్రము మనిషికి సుమారు 25 రకములు కలవు. మొక్కలలోని విషములు పలు విధములు గనుక కావలివారు పలువురు కావలసి వచ్చిరి. శాస్త్రజ్ఞులు వీనిని గుర్తించినది 2000 సంవత్సరములో. కోతికి, కొండముచ్చుకు, మనకు ఇవి ఒకే పూర్వికుల నుండి వచ్చిన ఆస్తి. అయితే పంపకములలో తేడాలు వచ్చినవి.

1931లో అమెరికాలో ఆర్థర్ ఫాక్స్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఫినైల్ థయోకార్బమైడ్ అను పొడిని సీసాలో పోయుచుండగా అది గాలిలోనికి లేచినది. ప్రక్కనున్నవాడు నోరు చేదైనదని మొరపెట్టెను. ఫాక్సుకు ఏ రుచియు తెలియలేదు! 1939లో ఫిషర్ మొదలగువారు ఆ పదార్థమునే చింపాంజీలకు ఇచ్చి చూడగా వానిలోను ఇట్టి రెండు తెగలు కనబడినవి. జపాను దేశమున కీ ప్రాంతపు కోతులలో కొన్నింటికి ఈ చేదు తెలియదని 2010లో ప్రకటించిరి. ఆ ప్రాంతము నారింజ జాతి పండ్లకు పేరుపడినది. ఆ పండ్ల చేదును లెక్కచేయకుండుట వానికి లాభించియుండవచ్చునని పరిశోధకుల ఊహ. నిమ్మతోటలు గల మన జిల్లా రైతు ఈ మాటను చెవిని వేసికొనవలెను.

ఇక కొండముచ్చు సంగతి వేరు. దాని ముఖ్యాహారము ఆకు. దాని పొట్ట అరలు అరలుగా నుండి, అందలి సూక్ష్మజీవులు ఆకును పులియబెట్టి కొన్ని విషములను విరుచును. చేదైన ప్రతి ఆకును ఉమిసినచో దానికి పస్తులే. ఆకుతిను కోతిజాతులను పరీక్షింపగా, ఫాక్సు పొడిని పట్టు మాంసకృత్తి వానిలో మందగించియున్నదని 2017లో తేలినది. కావున మీ చేనికి వచ్చునది ఏదో మొదట చూడుడు. ఒకే మందు రెండింటిపై ఒకే తీరున పనిచేయునని నమ్మరాదు.

5 శాతపు వేపగింజల కషాయము పురుగులపై పనిచేయును. అందుకై తప్పక వాడుడు. కోతికై చల్లునపుడు మాత్రము కొన్ని చిక్కులున్నవి. కోతి కందికాయ ఒలిచి గింజ తినును. చేదు పొట్టు మీదనే నిలిచిపోవును. వేరుశనగ కాయ మట్టిలో నుండును గనుక దానికి మందు అందదు. ఎండకు వేపసారము త్వరగా చెడును, వానకు కడుగుకొని పోవును. అన్నిటికంటె పెద్ద చిక్కు కూరగాయలతో: కోతి ఉమిసిన వంకాయను కొనువాడును ఉమియును. ఇద్దరి నాలుకకు చుట్టరికము కలదు గదా!

కొందరు చేదుతో కారమును కలిపి చెప్పుదురు. మిరప కారము రుచి కాదు, మంట. దానిని పట్టు మాంసకృత్తి వేరు. పక్షులకు ఆ మంట తెలియదు, కోతికి బాగుగా తెలియును.

నా అభిప్రాయమున, చేదును పైన చల్లుటకంటె చేదు పుట్టుకతోనే ఉన్న పైరును అడవి వైపున వేయుట మేలు. మన ప్రాంతమున పొగాకు మడికి కోతికావలి పెట్టిన రైతు నాకు కనబడలేదు. ఆ ఆకులోని నికొటిన్ చేదును, విషమును కూడ. అయితే పొగాకునకు బోర్డు వద్ద నమోదు కావలెను, అందరికి అది వీలుపడదు. నీరున్నచోట పసుపు, లేనిచోట ఆముదము గట్టు వైపు నాలుగైదు సాళ్లు వేసి చూడవచ్చును. ఇది కంచె కాదు. దూకి వచ్చు మందను ఆపదు. అంచున కూర్చుండి మేయుటకు మాత్రము ఏమియు దొరకనీయదు.

విసిగి విషము పెట్టు ఆలోచన చేయకుడు. జంతుహింస నివారణకు 1960 నాటి చట్టము కలదు, పైగా ఆ ఎర మీ పశువునకో కుక్కకో తగులును.

వేపకషాయము చల్లదలచినవారు మొదట చేనిలో పది సాళ్లకే చల్లి, ప్రక్క పది సాళ్లను విడిచిపెట్టుడు. ఏ కోతి వచ్చినది, ఏ సాలులో ఎన్ని మొక్కలు పాడైనవి వారము రోజులు వ్రాసి ఉంచుడు. ఆ కాగితము చూపినచో, మిగిలిన చేనికి చల్లవలెనో వద్దో మీ గ్రామమునకు వచ్చు వ్యవసాయ సిబ్బంది చెప్పగలరు.