కన్నీటికి కరువొస్తే

కళ్లు పొడిబారే జబ్బు ఉన్నవాళ్లలో కొందరికి ఎప్పుడూ కళ్లవెంట నీళ్లు కారుతుంటాయి. వింతగా ఉంది కదూ! కంటికి రాపిడి కలగగానే కన్నీటి గ్రంథి గబగబా నీరు వదులుతుంది. కాని అది వట్టి నీరు. చెంపల మీదికి జారిపోతుందే తప్ప కంటిని అంటిపెట్టుకుని ఉండదు.

మామూలు కన్నీరు అలా కాదు. మీరు రెప్ప వేసినప్పుడల్లా కంటిమీద ఒక పలుచని పొర పరుచుకుంటుంది. దాని మందం మిల్లీమీటరులో కొన్ని వెయ్యోవంతులే. అందులో అడుగున జిగురు, మధ్య నీరు, పైన నూనె ఉంటాయి. జిగురు నీటిని కంటికి పట్టి ఉంచుతుంది. నూనె ఆ నీటిని ఆవిరి కానివ్వదు. నూనెనిచ్చే గ్రంథులు రెప్పల అంచుల్లో ఉన్నాయి. 1666లో వీటిని వర్ణించిన జర్మన్ వైద్యుడు మైబోం పేరిట వీటిని మైబోమియన్ గ్రంథులంటారు.

ఈ పొర త్వరగా ఆరిపోతే? ఉప్పుమడిలో నీరు ఇగిరేకొద్దీ మిగిలిన నీరు మరింత ఉప్పగా అవుతుంది. కంట్లోనూ అంతే. ఆ ఉప్పదనానికి కంటిపై కణాలు దెబ్బతిని రసాయన సంకేతాలు పంపుతాయి. ఎవరో శత్రువు వచ్చాడనుకుని తెల్లకణాలు అక్కడికి పరుగెత్తుతాయి. కన్ను ఎర్రబడి మంటపుడుతుంది. డాక్టర్లు దీన్ని ఇన్‌ఫ్లమేషన్ అంటారు. శత్రువు లేని ఆ యుద్ధంలో నష్టపోయేది మనమే! జిగురు తయారుచేసే కణాలు చచ్చిపోతాయి, కన్నీటి గ్రంథి నీరసిస్తుంది. కన్నీరు ఇంకా తగ్గుతుంది, ఉప్పదనం ఇంకా పెరుగుతుంది. గానుగెద్దులా మళ్లీ మొదటికే!

కృత్రిమ కన్నీటి చుక్కలు చాలామందికి సరిపోతాయి. జబ్బు ముదిరిన వాళ్లకు మాత్రం అవి కాసేపటి ఊరటే. తెల్లకణాలను శాంతింపజేయాలి.

ఆ పనిచేసే మందు మట్టిలో దొరికింది. 1969లో నార్వేలోని హార్డాంగర్‌విడ్డా పీఠభూమి నుంచి తెచ్చిన మట్టిలో ఒక బూజు కనిపించింది. దాన్నుంచి స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు సైక్లోస్పోరిన్ అనే పదార్థం తీశారు. అది తెల్లకణాలను అదుపు చేస్తుందని 1972లో తెలిసింది. మొదట దాన్ని మూత్రపిండాల మార్పిడిలో వాడారు. తర్వాత అమెరికాలో రెనీ కాస్వాన్ అనే పశువుల కంటివైద్యురాలు దాన్ని పొడికళ్ల కుక్కలకు చుక్కలుగా వేసి చూసింది. వాటికి కన్నీరు మళ్లీ ఊరింది! మనుషులకు ఆ చుక్కలు వాడటానికి అమెరికాలో 2002లో అనుమతి వచ్చింది. గుణం కనిపించడానికి నెలలు పడుతుంది, వేస్తే కొంత మంట కూడా.

స్టెరాయిడ్ చుక్కలు ఇంకా త్వరగా పనిచేస్తాయి. అక్కడే ప్రమాదం! హాయిగా ఉంది కదా అని నెలల తరబడి వేసుకుంటే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చు, శుక్లాలూ ముసరవచ్చు. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగిరాదు. అందుకే డాక్టరు చీటీ లేకుండా మందుల షాపులో అడిగి ఎర్రకంటి చుక్కలు తెచ్చుకోవద్దు.

ఇప్పుడొక ప్రయోగం. మామూలుగా మనం నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాం. మీ స్నేహితుడు కబుర్లు చెబుతున్నప్పుడు ఒక నిమిషం, ఫోను చూస్తున్నప్పుడు ఒక నిమిషం అతని రెప్పపాట్లు లెక్కపెట్టండి. లెక్కపెడుతున్నట్టు అతనికి తెలియనివ్వకండి సుమా!